హైవే మీద పాపం పండదు

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను. మీది కావలి. వివాదాలతోనే పేరు తెచ్చుకున్న ఒక సెలబ్రిటీ ఈమధ్య చనిపోయాడు. పేరు మీరు రాయలేదు, నేనూ ఆరా తీయను. ఆ వార్త మీ బంధువుల వాట్సాప్ గ్రూపులో పడగానే మీరు నవ్వే ఎమోజీ పెట్టి, కింద 'దేవుడున్నాడు' అని రాశారు. మీ బాబాయి అందరి ముందూ మిమ్మల్ని కడిగేశారు. కేసు పెడతారని భయపెట్టారు కూడా. మొన్నటిదాకా ఆ మనిషిని నానా మాటలన్నవాళ్లే వరసబెట్టి 'ఓం శాంతి' పెడుతుంటే మీకు ఒళ్లు మండింది. 'పోయాడు కదా అని చేసినవన్నీ మర్చిపోవాలా, లేకపోతే వీళ్లలాగా నటించాలా?' అన్నది మీ ప్రశ్న.

నేను నెల్లూరు జిల్లాలో ఇరవై ఎనిమిదేళ్లు పత్రికలో పనిచేశాను. మొదట కోవూరు వైపు కంట్రిబ్యూటర్‌గా, తర్వాత జిల్లా డెస్కులో. మినీ ఎడిషన్లో సగం చావు వార్తలే. రోడ్డు ప్రమాదాలు, పెద్దమనుషుల అస్తమయాలు, శ్రద్ధాంజలి యాడ్లు. ఎవరైనా పోయినప్పుడు ఊరు ఏం మాట్లాడుతుందో, మూడో రోజుకు ఏం మాట్లాడుతుందో, పెద్దదినం అయ్యాక ఏం మాట్లాడుతుందో వినీ వినీ నా చెవులు తడికెలైపోయాయి.

సూటిగా చెప్పాలంటే, మీ ఎమోజీ కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది 'దేవుడున్నాడు' అన్న మాట. ఎందుకో చెప్పాలంటే మీ ఊరి నుంచి నెల్లూరు వచ్చే దారిలో కొడవలూరు దగ్గర కాసేపు ఆగాలి.

2021 జూన్ 26, శనివారం తెల్లవారుజామున కొడవలూరు మండలం చంద్రశేఖరపురం దగ్గర జాతీయ రహదారి మీద ఒక కారు వెనుక నుంచి లారీని ఢీకొట్టింది. అందులో ఉన్నది సినీ విమర్శకుడు, నటుడు కత్తి మహేశ్. తలకీ కంటికీ గట్టి దెబ్బలు. నెల్లూరులో చికిత్స చేసి అక్కడి నుంచి చెన్నై తరలించారు. రాష్ట్ర ప్రభుత్వం వైద్యానికి 17 లక్షల రూపాయలు మంజూరు చేసింది. సరిగ్గా రెండు వారాలకు, జూలై 10న, ఆయన చనిపోయారు.

ఆయన మీద జనానికి ఎంత కోపం ఉండేదో మీకు తెలిసే ఉంటుంది. 2017లో తెలుగు బిగ్‌బాస్ మొదటి సీజన్‌లో కనిపించిన తర్వాత పేరు ఊరూరా పాకింది. ఒక అగ్ర నటుడి అభిమానులతో నెలల తరబడి టీవీ చానళ్లలో గొడవ నడిచింది. 2018 జూలైలో రాముడి మీద చేసిన వ్యాఖ్యల వల్ల హైదరాబాద్ పోలీసులు ఆయన్ని ఆరు నెలలు నగరంలో అడుగు పెట్టొద్దని పంపేశారు. రెండు రోజులకు, ఆ వ్యాఖ్యలకు నిరసనగా యాత్ర తలపెట్టిన పరిపూర్ణానంద స్వామిని కూడా అలాగే పంపేశారు. ఇష్టపడేవాళ్లకు ఆయన కులం గురించి మొహమాటం లేకుండా మాట్లాడే గొంతు. పడనివాళ్లకు కావాలని గిల్లే మనిషి. మధ్యలో నిలబడ్డవాళ్లు తక్కువ.

ప్రమాదం వార్త వచ్చిన దగ్గర్నుంచీ ఫోన్లో నేను చూసినవి చెబుతాను. అప్పటికి రిటైరై ఇంట్లోనే ఉన్నాను. 'రాముణ్ని అన్నందుకే', 'కర్మ ఎవరినీ వదలదు', 'పాపం పండింది', ఇక మీరు రాసిందే, 'దేవుడున్నాడు'. వాటి కింద వందల లైకులు, నవ్వే బొమ్మలు. ఆ మనిషి ఇంకా పోలేదండీ! ఐసీయూలో ఉన్నారు. కారు ఫొటో మీద జోకులు రాసి పంపుకుంటున్నారు. ఆయన మాటలు నచ్చకపోయినా కోలుకోవాలని రాసినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు కూడా తిట్లు పడ్డాయి. చనిపోయాక ఒకవైపు నివాళులు, ప్రమాదం మీద అనుమానాలు. ఇంకోవైపు పండగ.

కరోనా రెండో విడత తగ్గుముఖం పడుతున్న రోజులవి. మా వీధిలోనే నెల రోజుల్లో నలుగురు పోయారు. అందులో ఒకాయన పూజ కాకుండా మంచినీళ్లు ముట్టేవాడు కాదు. ఆయన శవాన్ని చూడ్డానికి కొడుకులకే వీల్లేకపోయింది. మా వీధి చివరి కుర్రాడు ఒకడు పొద్దున ఆ ఇంటి ముందు దూరంగా నిలబడి కళ్లు తుడుచుకుని, సాయంత్రం ఫోన్లో 'పాపం పండింది' పోస్టు షేర్ చేశాడు. వాణ్ని పిలిచి అడిగాను. 'మరి మన పెద్దాయనకు ఏం పాపం పండింది అబ్బయ్యా?' వాడు కాసేపు నాకేసి చూసి, 'అదీ ఇదీ ఒకటేనా తాతా' అన్నాడు. ఒకటి కాదని వాడికి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక ఆ రోడ్డు గురించి. ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి అంటున్నాం, మేము వార్తలు రాసిన కాలంలో చాలా ఏళ్లు అది ఐదో నంబరు. కావలి, బిట్రగుంట అడ్డరోడ్డు, కొడవలూరు, కోవూరు, నెల్లూరు. ఆ వరసలో నేను వెళ్లి చూడని ప్రమాదం తక్కువ. తెల్లవారుజామున ఫోన్ మోగిందంటే మా ఇంట్లో అదేమిటో అడిగేవాళ్లు కాదు, స్కూటర్ తాళాలు తెచ్చి చేతిలో పెట్టేవాళ్లు. వెనుక నుంచి లారీని గుద్దుకోవడం అన్నది అక్కడ అందరికీ తెలిసిన చావే. లారీ మెల్లగా పోతూ ఉంటుంది, లేదా టైరు పంచరై రోడ్డు వారగా ఆగి ఉంటుంది. వెనుక ఎర్ర దీపం వెలగదు. రిఫ్లెక్టర్ స్టిక్కర్ మీద దుమ్ము. కారు నడిపేవాడు రాత్రంతా నిద్ర లేకుండా వస్తున్నాడు. ఎంత దూరం ఉందో తెలిసేలోపు కారు సగం లారీ కింద.

అలా పోయినవాళ్ల పేర్లు రాసుకున్న నోటు పుస్తకాలు మా అటక మీద ఇంకా ఉన్నాయి. తిరుమల నుంచి తిరిగొస్తున్న కుటుంబాలు. కారులో లడ్డూ సంచి చెక్కుచెదరదు, మనుషులు ఉండరు. మాల వేసుకుని శబరిమల బయల్దేరిన స్వాములు. పెళ్లి కార్డులు పంచుకుని వస్తున్న ఆడపిల్ల తండ్రి. ఒకసారి గుండు చేయించుకున్న చంటిబిడ్డ బతికి, మిగతా అందరూ పోయారు. ఆ రోజు వార్త రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు. వాళ్ల విషయంలో మనం 'పాపం' అన్నాం. కత్తి మహేశ్ విషయంలో కొందరు 'పాపం పండింది' అన్నారు. మన భాషలో ఈ రెండింటికీ మాట ఒకటే, గమనించారా? అదే రోడ్డు, అదే లారీ, అదే నిద్రమత్తు. ఆ లారీకి లోపల ఉన్నది భక్తుడో నాస్తికుడో తెలియదు.

అందుకే అంటున్నాను, మీరు ఒక మనిషిని విమర్శించలేదు. ఒక చావును తీర్పుగా చదివారు. ఆ మనిషి తప్పు చేశాడన్నదానికి మీ దగ్గర కారణాలు ఉండొచ్చు, నూటికి నూరుపాళ్లు నిజమే కావొచ్చు. కానీ అతను చనిపోవడం ఆ కారణాల్లో ఒకటి కాదు. చావును సాక్ష్యంగా తెచ్చారంటే రేపు మీ ఇంట్లో చావుకూ అదే లెక్క కట్టాల్సి వస్తుంది. కడతారా?

ఇక్కడితో ఆపేస్తే నేను మీ బాబాయి పక్షం అయిపోతాను. అలా కాదు. మీ కోపంలో సగం న్యాయం ఉంది. అది నాకు తెలిసొచ్చింది నా సొంత తప్పు వల్ల.

తొంభైల చివర్లో అనుకోండి, మా ప్రాంతంలో చీటీలు నడిపే పెద్దమనిషి ఒకరు గుండెపోటుతో పోయారు. గుడికి గోపురం కట్టించాడు, బడికి గదులు కట్టించాడు. చీటీల డబ్బు చాలామందికి తిరిగివ్వలేదు. రెండూ ఊరందరికీ తెలుసు. వాళ్ల ఇంటివాళ్లు శ్రద్ధాంజలి యాడ్ ఇచ్చారు, నాకు కమీషన్ వచ్చింది. వార్త కూడా నేనే రాశాను. 'ధర్మాత్ముడి అస్తమయం' అని హెడ్డింగు, రెండు కాలాలు, ఫొటోతో. మర్నాడు పొద్దున్నే రిటైరైన టీచరమ్మ ఒకరు మా ఇంటికి వచ్చారు. అరవలేదు, తిట్టలేదు. చీటీ పాసుపుస్తకం తెచ్చి టీపాయ్ మీద పెట్టి, దాని పక్కనే ఆ రోజు పేపరు మడిచి పెట్టారు. 'ఈ రెంటిలో ఏది నిజమో రాయి నాయనా' అని వెళ్లిపోయారు. ఆ పాసుపుస్తకం ఆమె వదిలేసి వెళ్లారో మర్చిపోయారో తెలియదు. తీసుకెళ్లి ఇవ్వడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

'చచ్చినవాని కండ్లు చేరెడు' అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. పోయినవాణ్ని లేనిపోని పొగడ్తలతో ముంచెత్తే అలవాటు మనకు పాతదే, దాన్ని వెక్కిరించే సామెతా పాతదే. ఆ పొగడ్త వల్ల పోయినవాడికి ఒరిగేది లేదు. బతికున్న టీచరమ్మకు మాత్రం రెండోసారి మోసం జరుగుతుంది. ఆ రోజు తర్వాత నేను అస్తమయం వార్తల్లో విశేషణాలు మానేశాను. ఏ ఊరు, ఏం చేసేవాడు, ఎప్పుడు పోయాడు, అంత్యక్రియలు ఎక్కడ. కేసులుంటే కేసులున్నాయని ఒక వాక్యం. డెస్కులో కొంతమంది 'నీకు గుండె లేదు' అన్నారు. నాకు యాడ్లు కూడా తగ్గాయి, అది వేరే సంగతి.

కాబట్టి మీ గ్రూపులో 'మహానుభావుడు', 'తీరని లోటు' అని రాసినవాళ్లను చూసి మీకు మంట పుట్టడం సహజమే. వాళ్లలో కొందరు నిజంగా మనసు మారి రాసి ఉండరు, మెసేజ్ ఫార్వర్డ్ చేసి ఉంటారు, అంతే. దానికి విరుగుడు నవ్వడం కాదు గానీ, మౌనంగా ఉండి తీరాలన్న రూలు కూడా ఎక్కడా లేదు.

రామాయణంలో ఒక ఘట్టం ఉంది. రాముడి పేరు చెప్పి ఐసీయూలో ఉన్న మనిషి మీద నవ్వినవాళ్లలో ఎంతమందికి గుర్తొచ్చిందో తెలియదు. రావణుడు పడిపోయాడు. అంత్యక్రియలు చెయ్యమని రాముడు విభీషణుడికి చెబితే, ఆయన చెయ్యనన్నాడు. ధర్మం వదిలినవాడు, పరస్త్రీలను చెరపట్టినవాడు, అన్న రూపంలో ఉన్న శత్రువు, ఇలాంటివాడికి నేను సంస్కారం చెయ్యను, లోకం నన్ను మొదట కఠినుడంటుంది, అతని గుణాలు విన్నాక మంచి పనే చేశావంటుంది అన్నాడు. అచ్చం మీ కోపమే. దానికి రాముడు చెప్పిందే 'మరణాంతాని వైరాణి', పగలు చావుతో ముగుస్తాయని. నీకు ఎలాగో నాకూ అలాగే, చెయ్యి అన్నాడు. ఈ మాట అందరూ చెబుతారు. దాని పక్కనున్నది చెప్పరు. రావణుడు అధర్మపరుడు, అబద్ధాలవాడు అన్న సంగతి రాముడు అక్కడే ఒప్పుకున్నాడు. శూరుడు, తేజస్వి అని కూడా అన్నాడు. పగ ముగిసిందన్నాడు గానీ, చేసింది ఒప్పయిపోయిందని అనలేదు. విభీషణుడి ఆరోపణల్లో ఒక్కటి కూడా కొట్టెయ్యలేదు.

ఈ తేడా మా జిల్లా ఆడవాళ్లకు బాగా తెలుసు. కలిగిరి మండలం దూబగుంటలో 1992లో సారా వ్యతిరేక ఉద్యమం లేచింది మీకు తెలిసిన చరిత్రే. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు, ఆ చుట్టుపక్కల ఊళ్లోనే, అప్పట్లో వేలంలో సారా పాటలు పాడుకున్న కాంట్రాక్టరు ఒకడు పోయాడు. అతని కల్లూ సారా వల్ల మొగుణ్ని పోగొట్టుకున్న ఒక అవ్వ ఆ చావింటి అరుగు మీద కూర్చుని కనిపించింది. నేను విలేకరి బుద్ధితో పక్కన చేరి, క్షమించేశావా అవ్వా అని అడిగాను. 'క్షమించేదేంది నాయనా. వాడు చేసింది చేసిందే, నేను సచ్చేదాకా చెప్తానే ఉంటా. ఆ పిల్ల ఒక్కతే కూర్చోనుండాది, అందుకొచ్చినా' అంది. పిల్ల అంటే కాంట్రాక్టరు భార్య. పెళ్లికి పిలిస్తేనే పోవాలి, చావుకు పిలవకపోయినా పోవాలి అంటారు మన వైపు. పోయేది పోయినవాడి కోసం కాదని అవ్వకు తెలుసు. ఆ వార్త నేను రాయలేదు. ఎలా రాయాలో తెలియలేదు.

వాట్సాప్‌లో ఇబ్బంది అదే. అరుగు లేదు. మీరు నవ్వినప్పుడు ఎదురుగా ఆ పిల్ల కూర్చుని లేదు. కానీ చూడదని గ్యారంటీ లేదు. స్క్రీన్‌షాట్ ఎక్కడెక్కడికి పోతుందో మన చేతిలో లేదు. కత్తి మహేశ్ కుటుంబం ఆ రెండు వారాల్లో ఫోన్లు చూసి ఉండరని ఎవరనుకోగలరు?

విమర్శ ఎలా చెయ్యొచ్చు అనడానికి దూరం నుంచి ఒక ఉదాహరణ. 2020 నవంబరు 25న ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా చనిపోయాడు. అర్జెంటీనా మూడు రోజులు జాతీయ సంతాపం ప్రకటించింది. ఆడవాళ్ల పట్ల అతని ప్రవర్తన మీద ఆరోపణలు కూడా అందరికీ తెలిసినవే. స్పెయిన్‌లో ఒక మహిళల మ్యాచ్‌కు ముందు ఒక నిమిషం మౌనం పాటిస్తుంటే, పౌలా దపేనా అనే క్రీడాకారిణి ఒక్కతే మైదానంలో వెనక్కి తిరిగి కింద కూర్చుంది. నవంబరు 25 మహిళలపై హింసకు వ్యతిరేకంగా జరిపే అంతర్జాతీయ దినం కూడా. హింసకు బలైనవాళ్ల కోసం ఒక నిమిషం పాటించని చోట, హింసించినవాడి కోసం నేను పాటించను అన్నది ఆమె వాదన. ఆమెకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఆమె చేసిన పని మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. కానీ ఆమె నవ్వలేదు, బాణసంచా కాల్చలేదు, మంచి పని అయిందనలేదు. బాధపడ్డవాళ్ల వైపు నిలబడింది. మనకు దగ్గర్లో, 2014లో కన్నడ రచయిత యు.ఆర్. అనంతమూర్తి పోయినప్పుడు మంగళూరు వైపు కొందరు టపాసులు కాల్చారు. ఈ రెంటి మధ్య ఎంత దూరం ఉందో చూడండి.

నేను డెస్కులో కొత్త పిల్లలకు ఒక చిట్కా చెప్పేవాణ్ని. నువ్వు రాసిన వాక్యం పోయిన వారం, ఆ మనిషి బతికుండగా, అతని ముందు అనగలిగేదేనా? 'ఫలానా కేసులో మీ మీద ఆరోపణ ఉంది' అని అనొచ్చు. అయితే ఇవాళ కూడా రాయి. 'మీరు చస్తే నాకు సంతోషం' అని అనగలవా? అనలేకపోతే ఇవాళ రాయకు. మాట అదే అయితే, మనిషి పోయినంత మాత్రాన మార్చక్కర్లేదు. మాట కొత్తగా పుట్టిందంటే, అది చావు చూసి వచ్చిన ధైర్యం.

జనం ఆ రోజు ఇచ్చే మార్కులు ఎలా ఉంటాయో మా నెల్లూరుకు తెలిసినట్టు ఇంకే ఊరికీ తెలియదేమో. పొట్టి శ్రీరాములు గారు 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష చేశారు. చివరి రోజుల్లో నినాదాలు రాసిన అట్టలు తగిలించుకుని, చెప్పులు గొడుగు లేకుండా మిట్టమధ్యాహ్నం ఈ వీధుల్లోనే తిరిగేవారు. పిచ్చివాడన్నారు. మా నాయన చిన్నప్పుడు చూశాట్ట, పిల్లలు వెంటపడి నవ్వేవాళ్లట. 1952 అక్టోబరు 19న మద్రాసులో ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్షకు కూర్చుని, 58 రోజుల తర్వాత డిసెంబరు 15న ప్రాణం వదిలారు. ఆ మర్నాటి నుంచి ఆంధ్ర అంతా అట్టుడికింది. ఇప్పుడు జిల్లాకే ఆయన పేరు. మీ సెలబ్రిటీని ఆయనతో పోలుస్తున్నానని అనుకోకండి, నాకా ఉద్దేశం లేదు. చావు రోజు వినిపించే నవ్వుకూ ఏడుపుకూ విలువ ఎంతో చెప్పడానికే ఇది.

ఇప్పుడు కేసు సంగతి, మీ బాబాయి భయపెట్టింది. 2012 నవంబరులో శివసేన నాయకుడు బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి బంద్ అయింది. మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి, జనం గౌరవంతో కాదు భయంతో బంద్ పాటిస్తున్నారు అన్న అర్థం వచ్చేలా ఫేస్‌బుక్‌లో రాసింది. ఇంకో అమ్మాయి దానికి లైక్ కొట్టింది. ఇద్దర్నీ అరెస్టు చేశారు. వాళ్లలో ఒకరి బంధువు ఆసుపత్రిని కొందరు ధ్వంసం చేశారు. తర్వాత కేసు ఎత్తేశారు. ఆ అరెస్టులు చూసే శ్రేయా సింఘాల్ అనే న్యాయ విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న కోర్టు కొట్టేసింది. అంటే ఒకరికి చిరాకు తెప్పించే పోస్టు పెట్టినందుకే లోపలేసే సెక్షన్ ఇప్పుడు లేదు.

అలాగని ఏమీ లేదని కాదు. చనిపోయినవాళ్ల మీద కూడా పరువునష్టం ఉంటుంది. పాత ఐపీసీ 499లో ఉన్న వివరణే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356లో ఉంది. బతికుంటే పరువు పోయే ఆరోపణ చేసి, దగ్గరి బంధువుల మనసు గాయపరచాలనే ఉద్దేశం ఉంటే నేరమే. కులాన్నో మతాన్నో లాగి రెచ్చగొడితే 196వ సెక్షన్ వేరే ఉంది. ఒక నవ్వే ఎమోజీకి ఇవన్నీ అంటగట్టడం కష్టం. కానీ స్టేషన్ చుట్టూ తిప్పడానికి సెక్షన్ గట్టిగా ఉండాల్సిన పని లేదని మీ బాబాయికి తెలిసే ఉంటుంది. ఆయన భయం మరీ తీసేయదగ్గది కాదు.

ఇంకో చిన్న మాట. ఎమోజీ పెట్టే ముందు ఆ మనిషి నిజంగా పోయాడో లేదో చూసుకున్నారా? నవ్వకండి. 2024 ఫిబ్రవరి 2న నటి పూనమ్ పాండే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయిందని ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లోనే పెట్టారు. నివాళులూ పడ్డాయి, వెకిలి మాటలూ పడ్డాయి. మర్నాడు ఆమే వీడియోలో వచ్చి బతికే ఉన్నానంది. అవగాహన కోసం చేశానంది. అది ఎంత చెత్త పనో వేరే చెప్పక్కర్లేదు. మా డెస్కులో అయితే బంధువో, ఆసుపత్రో, పోలీసో, ఇద్దరు వేర్వేరుగా అవునంటే గానీ 'మృతి' అన్న మాట టైపు చెయ్యనిచ్చేవాణ్ని కాదు. ఒకసారి ఒక నాయకుడి విషయంలో తొందరపడిన ఇంకో పత్రికకు మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు.

టీవీల గురించి ఎక్కువ రాయను. 2018లో శ్రీదేవి దుబాయ్‌లో పోయినప్పుడు ఒక తెలుగు చానల్ విలేకరి స్వయంగా బాత్‌టబ్‌లోకి దిగి చూపించాడు. 2020లో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ పోయాక, అతన్ని ప్రేమించామన్నవాళ్లే అతని స్నేహితురాలు రియా చక్రవర్తిని హంతకురాలని తిట్టారు. ఆమె ఆ సెప్టెంబరులో మాదకద్రవ్యాల కేసులో అరెస్టయి నెల రోజులు జైల్లో ఉంది. 2025 మార్చిలో సీబీఐ ఆ మరణం కేసు మూసేస్తూ నివేదిక ఇచ్చింది. ద్వేషించేవాళ్లే హాని చేస్తారనుకోవడం పొరపాటు, ఏడ్చేవాళ్లు కూడా చేస్తారు. మీ గ్రూపులో ఓం శాంతి పెట్టినవాళ్లు కనీసం ఎవరి మీదా రాయి వెయ్యలేదు. వాళ్ల మీద మీకు మరీ అంత కోపం అనవసరం.

మరి ఇప్పుడు ఏం చెయ్యాలి అంటే, ఎమోజీ తీసెయ్యండి. మెసేజ్ పెట్టి రెండున్నర రోజులు దాటితే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' పనిచెయ్యదు. అలా అయితే కింద ఇంకో మెసేజ్ పెట్టండి. 'చావు మీద నవ్వాను, అది తప్పు. అతను ఫలానా పని చేశాడని నా అభిప్రాయం, అది మారలేదు' అని రెండు వాక్యాలు చాలు. రెండో వాక్యం రాయొద్దని ఎవరైనా అంటే వినకండి. మొదటి వాక్యం లేకుండా రెండోది మాత్రం రాయకండి. అందులో రుజువైనదేదో, ఆరోపణ ఏదో తేడా తెలిసేలా రాయండి. అతని భార్యాపిల్లల ప్రస్తావన వద్దు.

బాబాయికి గ్రూపులో జవాబు ఇవ్వకండి, ఫోన్ చెయ్యండి. అందరి ముందూ తిట్టాల్సింది కాదు ఆయన కూడా, అది ఆయనకే చెప్పొచ్చు. పెద్దవాళ్లు ఫోన్లో సగం దారిలోనే మెత్తబడతారు, గ్రూపులో మాత్రం బిగుసుకుంటారు. మా ఇంట్లో అనుభవం ఇది.

ఓం శాంతి పెట్టకపోతే తప్పా అని చివర్లో అడిగారు. తప్పేం లేదు. ఆ చీటీల పెద్దమనిషి కొడుకు మొన్న పోయాడు. మా వీధి గ్రూపులో అరవై మంది పెట్టారు, నేను పెట్టలేదు. పదకొండో రోజు మాత్రం వెళ్లి, వాళ్ల అమ్మ పక్కన కాసేపు కూర్చుని వచ్చాను.